రంగు మారే ఆకుల కోసం ఎటు వెళ్లాలి: శ్రీనగరా, లద్దాఖా, అరకా, మన అనంతగిరా?

దసరా సెలవుల్లో శ్రీనగర్ వెళ్లి, నిశాత్ బాగ్‌లో నిండుపచ్చగా ఉన్న చినార్ చెట్ల కింద నిలబడి, ఎరుపు ఎక్కడుందా అని వెతుక్కుని వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. నాలుగు నెలల ముందే టికెట్లు కొన్నాను, లెన్సు అద్దెకు తీసుకున్నాను, ఇంటిల్లిపాదికీ స్వెటర్లు కొన్నాను. తోటలో గడ్డి కోస్తున్న పెద్దాయన నా మెడలో కెమెరా చూసి, మూడు వేళ్లు చూపించి, మూడు వారాలు ఆగి రావలసింది అన్నాడు. ఆయన నవ్వలేదు కానీ మా ఆవిడ నవ్వింది.

ఆ తర్వాత నాలుగు నెలలకు, ఒక ఫిబ్రవరి ఉదయం, మా వీధి మలుపులో బాదం చెట్టు కుంకుమ రంగులో వెలిగిపోతూ కనిపించింది. ఏళ్ల తరబడి దాని కింద నుంచే స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్తున్నాను.

ఈ తడబాటుకు మూలం క్యాలెండర్‌లో ఉంది. ఉత్తరాది కొండల్లో ఆకులు రంగు మారేది మన శరదృతువులో, అంటే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో. అదే సమయంలో హైదరాబాద్‌లో వానలు అప్పుడే వెనక్కి తగ్గి, చెట్లు కడిగినట్టు పచ్చగా ఉంటాయి. శరత్తులో మనకు రంగంతా పూలలో, తంగేడులో, గునుగులో, బంతిలో ఉంటుంది. అందుకే బతుకమ్మ అప్పుడు వస్తుంది. మన దగ్గర ఆకు రాలే కాలం శిశిరం. మాఘ ఫాల్గుణాల్లో, జనవరి చివరి నుంచి మార్చి దాకా.

కారణాలు కూడా వేరు. అక్కడ పగటి కాలం తగ్గి చలి ముదురుతుంటే ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది, అప్పటిదాకా దాని కింద దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉంటే కొన్ని చెట్లు కొత్తగా ఎర్రటి వర్ణకాన్ని కూడా తయారు చేస్తాయి. ఇక్కడ చెట్టు ఆకు రాల్చేది ప్రధానంగా నీటి కరువుతో. అందుకే మన అడవిలో మండే ఎరుపు తక్కువ, రాగి రంగు, తేనె రంగు, గోధుమ రంగు ఎక్కువ. మండే ఎరుపు కావాలంటే మోదుగ పూసేదాకా ఆగాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

చాలామంది అడిగేది ఎక్కడ రంగు బాగుంటుంది అని. నేను ముందు చూసేది వేరే విషయం: తేదీ ఒక వారం తప్పితే అక్కడ ఏమి మిగులుతుంది? ఆకు రంగు నిండుగా ఉండేది వారం, పది రోజులు. ఒక్క రాత్రి గాలివానకు చెట్టు ఖాళీ అయిపోవచ్చు. మనం మాత్రం నెలల ముందే టికెట్లు కొంటాం, ఆఫీసులో సెలవు రాసి ఇస్తాం. కనుక రంగు లేకపోయినా ఫోటో దొరికే చోటా, రంగు లేకపోతే ఏమీ దొరకని చోటా అన్నది మొదట తేల్చుకోవాలి.

రెండోది ఎత్తు, నడక. సముద్ర మట్టానికి 500 మీటర్ల చిల్లర ఎత్తులో ఉండే హైదరాబాద్ నుంచి 3,500 మీటర్ల ఎత్తున, లద్దాఖ్‌లో ఉన్న లేహ్‌లో విమానం దిగితే ఊపిరి మన మాట వినదు. మూడోది వెంట ఎవరు వస్తున్నారన్నది. చెట్టు మీద వెలుగు పడే ఇరవై నిమిషాల కోసం గంట సేపు కాచుకుని కూర్చోవడానికి పిల్లలు ఒప్పుకోరు, పెద్దవాళ్లకు మోకాళ్లు ఒప్పుకోవు. ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు. కింది పట్టికలో రోజుల సంఖ్య చూస్తే అదే తెలుస్తుంది.

| చోటు | రంగు పట్టే సమయం | రంగు దేనిది | ప్రయాణంతో కలిపి | నడక | తేదీ తప్పితే మిగిలేది |
|---|---|---|---|---|---|
| శ్రీనగర్ తోటలు | అక్టోబర్ చివరి వారం నుంచి నవంబర్ మధ్య | చినార్ | 5–6 రోజులు | తక్కువ | ముందైతే పచ్చని తోట, ఆలస్యమైతే నేల మీది ఆకులు |
| లద్దాఖ్, షామ్ లోయ | సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మధ్య | పోప్లార్, విల్లో, ఆప్రికాట్ | 8–9 రోజులు | ఎక్కువ, ఎత్తు కూడా | కొండలు, ఆకాశం, మఠాలు |
| అరకు, పాడేరు | నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య | వలిసె పూలు | 3–4 రోజులు | మధ్యస్థం | పొగమంచు, కాఫీ తోటలు |
| అనంతగిరి (వికారాబాద్), నల్లమల | జనవరి చివర నుంచి మార్చి | టేకు, మోదుగ, తపసి | 1–2 రోజులు | మధ్యస్థం | వచ్చే ఆదివారం |
| నగరంలోని చెట్లు | జనవరి నుంచి ఏప్రిల్ | బాదం, రావి చిగురు | ఒక పూట | లేదు | రేపు ఉదయం |

శ్రీనగర్: తోటలో కూర్చుని తీసేవారికి

వీధి బాదాన్ని పక్కన పెడితే, ఈ జాబితాలో నిజమైన ఎరుపు ఉన్నది ఇక్కడే. కశ్మీరీలు ఈ కాలాన్ని హరుద్ అంటారు. చినార్ ముందు పసుపు తిరిగి, తర్వాత ఎర్రబడి, చివరకు తుప్పు రంగులోకి దిగుతుంది. ఒకే చెట్టు మీద మూడు రంగులూ ఉండే నాలుగైదు రోజులు దొరికితే అదృష్టం.

తోటలన్నీ ఒకటి కావు. ఆసఫ్ ఖాన్ 1633లో కట్టించిన నిశాత్ బాగ్, మెట్లు మెట్లుగా జబర్వాన్ కొండ వాలు మీద ఉంటుంది. కొండ తూర్పున ఉంది కనుక పొద్దున ఎండ ఆలస్యంగా వస్తుంది. తెల్లవారకముందే లేచి పరుగెత్తడం వృథా. సాయంత్రం పై మెట్టు మీద నిలబడి దాల్ సరస్సు వైపు చూడండి. సూర్యుడు ఎదురుగా దిగుతుంటాడు, ఆకుల గుండా వెలుగు వడకట్టుకుని వస్తుంది. ఆకు మీద పడిన వెలుగు కంటే ఆకు గుండా వచ్చిన వెలుగులోనే రంగు ఉంటుంది; ఈ ఒక్క సంగతి పట్టుబడితే లెన్సు ఏదైనా పరవాలేదు. జహంగీర్ 1619లో మొదలుపెట్టించిన షాలిమార్ బాగ్ చదునుగా ఉంటుంది. కాలువ, దాని వెంట బారులు తీరిన చెట్లు, మధ్యలో మంటపం. ఫోటోలో ఆ సమతూకం మొదటి రోజు ముచ్చటగా ఉంటుంది, రెండో రోజు పోస్టుకార్డు కొన్నట్టు ఉంటుంది.

నా ఓటు నసీం బాగ్‌కు. సరస్సుకు అవతలి ఒడ్డున, కశ్మీర్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న మొఘలుల నాటి చినార్ వనం అది. ఫౌంటెన్లు లేవు, పూల మడులు లేవు. పెద్ద పెద్ద మానులు, నేల కనిపించనంతగా ఆకులు, వాటి మీద పుస్తకాలు పట్టుకుని నడిచే విద్యార్థులు. గేటు దగ్గర అడిగి లోపలికి వెళ్లాలి, మనుషులను అడిగి ఫోటో తీయాలి. నవంబర్‌లో రాలిన చినార్ ఆకులను పోగు చేసి కాల్చి, కాంగ్డీ కుంపట్లలోకి బొగ్గు చేసుకుంటారు. ఆ పొగలోంచి వెలుగు చారలు చారలుగా దిగినప్పుడు తీసిన ఫోటో ఒక్కటి చాలు, ప్రయాణం గిట్టుబాటైనట్టే. దగ్గరలోని పాంపోర్‌లో అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో కుంకుమపువ్వు పూస్తుంది. ఊదా రంగు పొలం కూడా అదే ప్రయాణంలో కలిసి వస్తుంది.

లోపం కూడా చెప్పాలి. చినార్ రంగు తిరగకముందు వెళితే ఈ తోటలు ఏ ఊరి పార్కులోనైనా తీయగల ఫోటోలే ఇస్తాయి. నాది స్వానుభవం. సెలవు దసరాకే దొరుకుతుందంటే శ్రీనగర్‌ను పక్కన పెట్టండి. ఒక వారం ఆలస్యం మాత్రం నష్టం కాదు, నేల మీది ఆకులు చెట్టు మీది ఆకులకు తీసిపోవు. మరో రెండు జాగ్రత్తలు: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లోనూ లద్దాఖ్‌లోనూ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. కొండ దారుల్లో నడవాలనుకుంటే ఏ చోట్లు తెరిచి ఉన్నాయో బయలుదేరే ముందే కనుక్కోవాలి.

లద్దాఖ్: నడిచి సంపాదించుకునేవారికి

దసరా సెలవే ఉన్నవారికి సరిపోయేది ఇది. సెప్టెంబర్ చివరకు సింధు నది పక్క ఊళ్లలో పోప్లార్లు, విల్లోలు పసుపు తిరుగుతాయి, ఆప్రికాట్ చెట్లు నారింజ రంగుకు వస్తాయి. మన పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠాగా తినేది ఈ ఆప్రికాట్ పండునే. దాని ఆకు ఇంత అందంగా ఉంటుందని విందులో ఎవరూ చెప్పరు. చుట్టూ బూడిద రంగు కొండ, మధ్యలో ఊరంత పసుపు మచ్చ. అడవి నిండా రంగు లేకపోవడమే ఇక్కడ ఫోటోకు బలం.

లికిర్ నుంచి యాంగ్‌థాంగ్, హెమిస్ షుక్పాచన్ మీదుగా తెమిస్‌గామ్ దాకా సాగే షామ్ లోయ నడక మొదటిసారి వెళ్లేవారికి అనువైనది. రోజుకు కొన్ని గంటల నడక, రాత్రికి ఊళ్లో ఇంటి బస. కష్టమంతా ఎత్తుతోనే. లేహ్‌లో దిగిన మొదటి రెండు రోజులు ఏమీ చేయకూడదు. నీళ్లు తాగి పడుకోవాలి. తలనొప్పి, వాంతులు ముదిరితే కిందికి దిగాలి, ఫోటో సంగతి తర్వాత. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు డాక్టర్‌ను అడగకుండా టికెట్ కొనవద్దు.

ఇక్కడ పోలరైజర్ ఫిల్టర్‌తో, అంటే మెరుపు తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే తిప్పుడు అద్దంతో జాగ్రత్త. ఆ ఎత్తులో ఆకాశం మామూలుగానే ముదురు నీలం. ఫిల్టర్ పూర్తిగా తిప్పితే నల్లబడుతుంది, వెడల్పు లెన్సులో అయితే ఒక పక్క ముదురు, ఒక పక్క లేత. సగం తిప్పి ఆపండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కనుక అదనపు బ్యాటరీని లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. రాత్రి చలిలోంచి వెచ్చని గదిలోకి కెమెరాను నేరుగా తీసుకువెళితే లెన్సు మీద తేమ పడుతుంది. ముందే ప్లాస్టిక్ సంచిలో కట్టి, గంట తర్వాత తీయాలి.

వారం అటూ ఇటూ అయినా లద్దాఖ్ మోసం చేయదు. ఆకు పచ్చగా ఉన్నా, రాలిపోయినా కొండ ఎక్కడికీ పోదు.

అరకు: ఆకు కాదు, పువ్వు

ఇది నియమాన్ని కాస్త సాగదీయడమే. అరకులో రంగు మారేది ఆకులు కావు, వలిసె పొలాలు. నవంబర్ మధ్య నుంచి నెల రోజులు లోయ మడులు మడులుగా పసుపు పరుచుకుంటుంది. విశాఖ నుంచి ఉదయం కిరందూల్ రైలు ఎక్కితే 50కి పైగా సొరంగాలు దాటి అరకు చేరతారు. పిల్లలకు ఆ సొరంగాల లెక్కే పెద్ద పండుగ. కొండ ఎక్కాలన్న సరదా ఉంటే పాడేరు దగ్గర వంజంగి ఉంది, తెల్లవారుజామున ఎక్కితే కాళ్ల కింద మేఘాల సముద్రం. అయితే అది ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, శని ఆదివారాల్లో మేఘాల కంటే మనుషులే ఎక్కువ కనిపిస్తారు.

వలిసె పొలంలోకి దిగే ముందు రైతును అడగండి, ఏదైనా ఇవ్వమంటే బేరమాడకుండా ఇవ్వండి. మనం తొక్కేది ఆయన నూనె గింజల పంట.

అనంతగిరి, నల్లమల: తప్పినా మళ్లీ వెళ్లగల చోటు

హైదరాబాద్‌కు 75 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, వికారాబాద్ పక్కన అనంతగిరి. మూసీ పుట్టిన కొండలు ఇవి. వానాకాలంలో అందరూ పచ్చదనం కోసం వెళతారు, ఫిబ్రవరిలో ఎవరూ వెళ్లరు. అడవి ఎండిపోయిందని వాళ్ల బాధ. మన లాభం అక్కడే ఉంది.

నా లెక్క ఇది. ఇంటి నుంచి నాలుగున్నరకు బయలుదేరితే ఆరున్నరకు అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర ఉంటాం. అక్కడి నుంచి కిందికి దిగే బాటలో మొదట వినిపించేది చప్పుడు. టేకు ఆకు చిన్నది కాదు, విస్తరాకంత ఉంటుంది. ఎండిపోయాక దాని మీద అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు పెళపెళలాడుతుంది. ఒక్కరు నడిచినా పదిమంది నడుస్తున్నట్టు ఉంటుంది. కిందికి వంగి వెతికితే పురుగు తినేసిన టేకాకులు దొరుకుతాయి. కండ అంతా పోయి ఈనెలు మాత్రమే మిగిలిన జల్లెడలాంటి ఆకు. దాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టుకుని, వెనక అడవి మసకబారేలా దగ్గరగా తీస్తే, పెద్ద ఈనె నుంచి చిన్న ఈనె, దాని నుంచి వెంట్రుకంత ఈనె, ఒక్కొక్కటీ బంగారు తీగలా కనిపిస్తుంది. నా దగ్గరున్న ఫోటోల్లో గోడకు ఎక్కినవి రెండే. అందులో ఒకటి ఇది, రెండోది కూడా కశ్మీర్‌ది కాదు.

ఫిబ్రవరి చివరకు మోదుగ పూస్తుంది. ఆకు ఒక్కటి లేకుండా కొమ్మ నిండా చిలుక ముక్కుల్లాంటి నారింజ పూలు. హోలీకి రంగు కాచుకునే పూలు ఇవే. చెట్టును కింది నుంచి తీస్తే తెల్లటి ఆకాశం వచ్చి పువ్వు నల్లగా పడుతుంది. ఎండిన కొండ వాలు వెనక వచ్చేలా, కాస్త ఎత్తైన చోటి నుంచి తీయండి. బూరుగు, కొండగోగు కూడా దాదాపు అప్పుడే.

నల్లమలలో ఇదే దృశ్యం ఇంకా పెద్ద ఎత్తున ఉంటుంది. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక కొండలన్నీ రాగి రంగుకు తిరిగి, మధ్య మధ్య తపసి చెట్లు తెల్లటి మొండేలతో దయ్యాల్లా నిలబడతాయి. కానీ అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఇష్టం వచ్చినట్టు కారు ఆపి అడవిలోకి నడవడం కుదరదు. ఫరహాబాద్ వైపు అటవీ శాఖ వాహనంలో వెళ్లడమే సరైన దారి. రాత్రి పూట ఆ దారిని మూసేస్తారు కనుక తెల్లవారుజాము వెలుగు కావాలంటే ముందు రోజే అక్కడ బస చేయాలి. నడిచే సరదా ఉన్నవారికి అనంతగిరి, కారులోంచి చూసి సంతృప్తి పడగలవారికి నల్లమల. రెండు చోట్లా ఆ కాలంలో అడవి అగ్గిపెట్టె లాంటిది. బీడీ, సిగరెట్, పొయ్యి ఏదీ వద్దు. దుమ్ము కూడా ఎక్కువ, లెన్సు మార్చేది ఏదైనా ఉంటే కారులోనే మార్చుకోండి.

ఫోనా, కెమెరానా

తోటలకు, వీధి చెట్లకు ఫోను చాలు. కొండల దగ్గర మాత్రం కెమెరా మోసిన బరువు దక్కుతుంది, ఎందుకంటే దూరపు వాలు మీద ఒక్క పసుపు చెట్టును దగ్గరకు లాగడానికి 70–200 మి.మీ. లాంటి జూమ్ లెన్సు కావాలి. ఫోనులో వెడల్పు లెన్సు వాడితే ఆకాశం, కరెంటు తీగలు, పక్కవాళ్ల తలలు వస్తాయి. రెండు రెట్లు, మూడు రెట్లు దగ్గర చేసే లెన్సు వాడండి.

ఏది వాడినా రెండు తప్పులు అందరూ చేస్తారు. ఎర్రటి, పసుపు రంగులు ఉన్నచోట ఆ ఒక్క రంగే హద్దు దాటిపోయి ఆకు మీది గీతలు మాయమవుతాయి, రంగు పూసిన అట్టముక్కలా కనిపిస్తుంది. ఫోనులో ఆకును తాకి వెలుగును కాస్త కిందికి లాగండి. కెమెరాలో ఎక్స్‌పోజర్ అర స్టాప్ తగ్గించి, వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడి గోడకు తగలకుండా చూసుకోండి. రెండోది, ఆటో వైట్ బ్యాలెన్స్. దాని పనే రంగు మొగ్గును సరిచేయడం, కనుక మనం వెతుక్కుంటూ వచ్చిన బంగారు రంగును అది తప్పుగా భావించి తుడిచేస్తుంది. పగటి ఎండ గుర్తు దగ్గర స్థిరంగా ఉంచండి.

మబ్బు పట్టిందని నిరాశపడనక్కరలేదు. ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకుండా తీస్తే రంగులు ఎండలో కంటే చిక్కగా వస్తాయి. తడి ఆకుల మీద మెరుపు తగ్గించడానికి పోలరైజర్ నిజంగా పనికొచ్చేది అప్పుడే.

ఎవరు ఎటు

అమ్మానాన్నలతో, సెలవు నవంబర్ మొదటి వారంలో ఉంటే శ్రీనగర్, అందులోనూ రెండు రోజులు పూర్తిగా నసీం బాగ్‌కు. సెలవు దసరాకే ఉండి, ఒంట్లో సత్తువ ఉండి, వెంట ఎవరూ లేకపోతే లద్దాఖ్. చిన్నపిల్లలు ఉంటే అరకు, వారాంతం కాకుండా చూసుకోండి. కొత్తగా కెమెరా కొన్నవారు ఆ డబ్బంతా విమానానికి పెట్టకముందు ఒక శిశిరం అనంతగిరిలో గడపాలి. నాలుగు ఆదివారాలు ఒకే బాటలో నడిస్తే వెలుగు ఎటు నుంచి వస్తే ఆకు ఏమవుతుందో చేతికి తెలుస్తుంది. అది తెలియకుండా కశ్మీర్ వెళ్లడం ఖరీదైన ట్యూషన్.

ఎటూ కదలలేనివారికి వీధిలోని బాదం ఉంది. జనవరి నుంచే చూస్తూ ఉండండి. ముందు ఒకటి రెండు ఆకులు, తర్వాత కొమ్మ, ఆ తర్వాత పది రోజుల్లో చెట్టంతా. బాదం ఆకు ఎరుపులో పచ్చటి ఈనె చివరిదాకా మిగిలి ఉంటుంది, దాన్నే వెతకండి. అది రాలిపోయాక రావి చెట్టు లేత రాగి రంగు చిగురు వేస్తుంది, గాలికి ఒక్కొక్క ఆకూ విడివిడిగా ఊగుతుంది కనుక షట్టర్ వేగం పెంచుకోవాలి. మా వీధి బాదం కింద ఆకులు పరుచుకుని ఉండేది ఏడింటి దాకానే. ఆ తర్వాత ఊడ్చేవాళ్లు వస్తారు. నేను ఆరూ నలభైకి కిందికి దిగుతాను, లుంగీ మీదే.